కూడాలా, తీసెయ్యాలా సార్?

పద సమస్య బోర్డు మీద రాసి ఇటు తిరిగేలోపే ఈ ప్రశ్న వచ్చేస్తుంది. హైదరాబాద్ శివారులో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పంతొమ్మిదేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఏటా పిల్లలు మారతారు, ప్రశ్న మాత్రం మారదు. నెలకో రెండు సాయంత్రాలు పిల్లలకు ఆకాశం కూడా చూపిస్తుంటాను. అక్కడా కొన్ని అపోహలు వెంటపడుతూనే ఉంటాయి. మొన్న పేరెంట్స్ మీటింగులో అవన్నీ మళ్లీ విన్నాక ఇక రాయకుండా ఉండలేకపోయాను.

అపోహ: ప్రశ్నలో 'మొత్తం', 'ఎక్కువ', 'ఆలస్యం' లాంటి మాటలుంటే కూడాలి. 'మిగిలిన', 'తక్కువ' ఉంటే తీసెయ్యాలి.

వాస్తవం: పిల్లలకు ఇంత నష్టం చేసిన చిట్కా ఇంకోటి నేను చూడలేదు. గైడ్లలో దీన్ని డబ్బా కట్టి మరీ వేస్తారు, ట్యూషన్లలో వల్లె వేయిస్తారు. మూడు, నాలుగు తరగతుల్లో ఇది పనిచేస్తుంది కూడా, అసలు ప్రమాదం అదే. పిల్లాడు ప్రశ్న చదవడం మానేసి, రెండు అంకెలూ ఒక మాటా వెతుక్కోవడం నేర్చుకుంటాడు. 'రవి దగ్గర 12 మామిడిపళ్లున్నాయి, సీత కంటే 5 ఎక్కువ, సీత దగ్గరెన్ని?' అంటే టక్కున 17 అంటాడు. ఏడో తరగతికొచ్చేసరికి ఎక్కాలన్నీ వచ్చినా పద సమస్య దగ్గర పెన్ను కదలదు. ఇంట్లోవాళ్లేమో బుర్ర లేదంటారు. బుర్ర ఉంది. మనం వాణ్ని చదవనివ్వలేదు.

నేను ఆకాశం వైపు తిరిగింది ఈ బాధతోనే. చంద్రుడు సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. పోయినేడు ఏడో తరగతిలో ఒకమ్మాయి పున్నమినాటి నుంచి మూడు రోజులు తన ఇంటి మేడ మీంచి చంద్రుడు వచ్చే టైము రాసుకొచ్చింది. ఆ అంకెలతోనే లెక్క ఇచ్చాను: 'శుక్రవారం చంద్రుడు 8 గంటలకు వచ్చాడు. బుధవారం కంటే 100 నిమిషాలు ఆలస్యం. బుధవారం ఎన్నింటికి వచ్చాడు?' 'ఆలస్యం' కనబడగానే కూడేసింది. 9:40 అని రాసింది. నేను తప్పనలేదు. 'బుధవారం నువ్వు చూసినప్పుడు ఎట్లుంది?' అన్నాను. 'పొద్దు గూకంగనే వచ్చిండు సార్, ఇంకా వెలుతురుండె' అంటూనే తన జవాబు వైపు చూసుకుంది. రబ్బరు తీసి తనే చెరిపేసి 6:20 వేసింది. ఆ పిల్ల ఆ తర్వాత నన్ను కూడాలా తీసెయ్యాలా అని అడగలేదు.

మామిడిపళ్ల లెక్కలో 17 వచ్చినా పిల్లకు అనుమానం రాదు, ఎందుకంటే ఆ పళ్లను తను చూడలేదు. చంద్రుణ్ని చూసింది. కంటితో చూసినదానికి విరుద్ధంగా జవాబు వస్తే మనసు ఊరుకోదు. అంగడి, బస్సు టికెట్లు, బియ్యం బస్తా, వీటితోనూ ఇది సాధ్యమే. కాకపోతే ఆకాశానికి పైసా ఖర్చు లేదు, రోజూ కొత్త అంకెలిస్తుంది.

ఆ 50 నిమిషాలు ఎక్కడివన్నది కూడా పిల్లలే తేల్చగలరు. పంచాంగంలో తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడం. 30 తిథులకు 360 డిగ్రీలు. అంటే చంద్రుడు రోజుకు దాదాపు అంత వెనక్కి జరుగుతాడు, మళ్లీ కనబడాలంటే భూమి అంత అదనంగా తిరగాలి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. పన్నెండు నాలుగులు నలభై ఎనిమిది. మిగతా రెండు నిమిషాలేవి అని ఒక బెంచీలో గొడవ మొదలైంది. ఆ 48 నిమిషాల్లో చంద్రుడు ఊరికే ఆగి ఉండడు కదా, ఇంకాస్త జరుగుతాడు. ఆరోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇంకో పని కూడా చేస్తాను. ప్రశ్న వాక్యాన్ని చెరిపేసి, మిగతా కథ మాత్రమే బోర్డు మీద ఉంచుతాను. ఇందులోంచి ఏమేం అడగొచ్చో మీరే చెప్పండి అంటాను. మొదటి వారం నిశ్శబ్దం. తర్వాత ఆపడం కష్టం.

అపోహ: ఆకాశం చూడాలంటే టెలిస్కోప్ ఉండాలి. అక్కర్లేదు. చేయి చాచి చూస్తే పిడికిలి వెడల్పు దాదాపు 10 డిగ్రీలు, చిటికెన వేలు 1 డిగ్రీ. ఉత్తరాన పిడికిలిన్నర పైన కాస్త ఎత్తులో, 17 డిగ్రీల దగ్గర ధ్రువ నక్షత్రం ఉంటుంది. అదే హైదరాబాద్ అక్షాంశం.

అపోహ: ఉదయించేటప్పుడు చంద్రుడు పెద్దగా ఉంటాడు. అది కంటి భ్రమ. అప్పుడూ నడినెత్తిన ఉన్నప్పుడూ అదే చిటికెన వేలు అడ్డం పెట్టి చూడండి.

అపోహ: రోజూ మధ్యాహ్నం 12కి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. హైదరాబాద్‌లో అలా ఉండేది ఏడాదికి రెండే రోజులు, మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో. అదీ 12కి కాదు. దేశమంతటా గడియారాలు చూపే టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది, ఆ రేఖ కాకినాడ దగ్గర్లో పోతుంది. మనం 4 డిగ్రీలు పడమరన ఉన్నాం, కాబట్టి 16 నిమిషాలు ఆలస్యం. భూమి నడక ఏడాది పొడుగునా ఒకే తీరులో ఉండదు కనుక మేలో 12:12కి, ఆగస్టులో 12:22 దాటాక నీడ మాయమవుతుంది.

అపోహ: పద సమస్యలు ఇంగ్లిష్ చదువుతో వచ్చాయి. కవి పావులూరి మల్లన 11వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడి సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, అందులో లెక్కలన్నీ మాటల్లోనే.

ఇక ఆగస్టు వస్తే చాలు, 'అంగారకుడు చంద్రుడంత కనిపిస్తాడు' అని వాట్సాప్‌లో తిరుగుతుంది. చదువుకున్నవాళ్లే పంపుతారు. రెండు నిమిషాలు లెక్క వేస్తే ఆగిపోయే అబద్ధం ఇది. చంద్రుడి వ్యాసం సుమారు 3,475 కిలోమీటర్లు, అంగారకుడిది 6,780, దాదాపు రెట్టింపు. చంద్రుడంత కనబడాలంటే చంద్రుడికి రెట్టింపు దూరంలో, అంటే ఏడున్నర లక్షల కిలోమీటర్ల దగ్గర ఉండాలి. 2003 ఆగస్టు 27న, వేల ఏళ్లలో ఎన్నడూ లేనంత దగ్గరకొచ్చినప్పుడు కూడా 5.58 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. భాగించండి, దాదాపు 75 వస్తుంది. టెలిస్కోప్‌లో 75 రెట్లు పెద్దది చేసి చూస్తే అంత కనిపిస్తుందని అప్పట్లో రాసిన మాటలో మొదటి సగం ఎగిరిపోయి, మిగిలిందే ఇన్నేళ్లుగా తిరుగుతోంది.

మొన్నటి మీటింగుకు ఇంకో పిల్ల తల్లి వచ్చింది. టైలరింగ్ చేస్తుంది. 'నాకే లెక్కలు రావు సార్, దానికెట్లొస్తయ్?' అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది. లెక్కలు రక్తంలో రావమ్మా, బట్ట కొలిచి కత్తిరించేటప్పుడు నువ్వు వేసేది లెక్క కాదా అన్నాను. పున్నమినాడు మొదలుపెట్టి ఐదు రోజులు, ఎదురింటి నీళ్ల ట్యాంకు మీదికి చంద్రుడు వచ్చే టైము ఇద్దరూ కలిసి రాయండి చాలు, పాఠం చెప్పక్కర్లేదన్నాను. పోయిన సోమవారం ఆ పిల్ల గోడ కాలెండర్ కాగితం మడిచి తెచ్చింది. నాలుగు గళ్లలో టైములున్నాయి, రెండు చేతిరాతల్లో. శనివారం గడిలో 'మబ్బు' అని ఉంది, దాని కింద పెన్సిల్‌తో ఆ పిల్ల లెక్క కట్టి వేసుకున్న టైము.