గీక్ ఫ్యాన్స్ చుట్టూ తిరిగే అపోహలు - వాస్తవాలు

భీమవరంలో మేడ మీద గది తీసుకుని పదేళ్లుగా కామిక్స్, మాంగా (జపనీస్ బొమ్మల కథల పుస్తకాలు) అద్దెకిస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం అదే గదిలో బోర్డ్ గేమ్స్ ఆడిస్తాను. ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు వస్తారు. ఉండి, ఆకివీడు, పాలకొల్లు నుంచి బస్సెక్కి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒక్కసారి వచ్చి మళ్లీ ఇటు చూడని వాళ్లు కూడా చాలామందే. వాళ్లు బజార్లో కనబడితే ఎందుకు రావట్లేదని అడుగుతుంటాను. పుస్తకాలు బాగాలేవని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అక్కడి మనుషుల తీరే నచ్చలేదన్నారు. ఆ తీరు వెనక, గీక్ ఫ్యాన్స్‌లో అంటే ఇలాంటి పుస్తకాలూ ఆటలంటే పిచ్చి ఉన్న మా వాళ్లలో, ఉన్న కొన్ని అపోహల గురించే ఇది.

అపోహ: అసలైన ఫ్యాన్ ఎవరో ప్రశ్నలడిగి తేల్చాలి.

వాస్తవం: మన ఇళ్లకు కొత్త చుట్టం వస్తే ముందు మంచినీళ్లిస్తాం. వద్దంటున్నా ఇంకో గరిటె వడ్డిస్తాం. అలాంటి ఇంట్లో పెరిగిన కుర్రాడే మా గదికి కొత్తవాళ్లు రాగానే "ఎన్నో ఎపిసోడ్‌లో చచ్చిపోయాడో చెప్పు చూద్దాం" అని మొదలెడతాడు. ఒకసారి డిగ్రీ చదివే అమ్మాయి ఒకామె ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ మొదటి భాగం అడిగింది. పుస్తకం చేతికిచ్చేలోపే నలుగురు అబ్బాయిలు చుట్టూ చేరి ప్రశ్నలు మొదలుపెట్టారు. మూడింటికి జవాబు చెప్పింది. నాలుగోది తెలియదంది. "మీ అన్నయ్య కోసమా?" అని ఒకడు నవ్వాడు. పుస్తకం బల్ల మీద పెట్టేసి మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ మాంగా గీసింది హిరోము అరకావా. ఆమె అసలు పేరు హిరోమి, మగపేరు పెట్టుకుని రాశారు. ఆ నలుగురిలో ఒక్కడికీ ఆ సంగతి తెలియదు. తెలియకపోవడం తప్పేమీ కాదు. దాన్నే ఎదుటివాళ్లలో తప్పు పట్టారు, నా బాధ అది. సైన్స్ ఫిక్షన్‌కి తొలి నవలగా చాలామంది లెక్కించే ఫ్రాంకెన్‌స్టైన్ 1818లో వచ్చింది. మేరీ షెల్లీ దాన్ని రాయడం మొదలుపెట్టేనాటికి ఆమెకు 18 ఏళ్లు, మా గదికొచ్చే అమ్మాయిల వయసే.

ఈ గుమ్మం కాపలా ఇప్పటి జబ్బేమీ కాదు. 1939 జూలైలో న్యూయార్క్‌లో ప్రపంచ సైన్స్ ఫిక్షన్ అభిమానుల తొలి సభ జరిగింది. ముఠా తగాదాల వల్ల కొందరు అభిమానులను నిర్వాహకులు గుమ్మం దగ్గరే ఆపేశారు. అలా ఆగిపోయినవాళ్లలో ఫ్రెడరిక్ పోల్ ఒకరు. ఆయన తర్వాత ఆ రంగంలోనే పెద్ద రచయితా, సంపాదకుడూ అయ్యారు.

అపోహ: తెలుగు డబ్బింగ్‌లో చూసేవాడు యానిమే (జపనీస్ యానిమేషన్) చూసినట్టు కాదు.

వాస్తవం: ఈ మాట అనేవాళ్లు చూసేది ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో. అదీ అనువాదమే కదా! జపనీస్‌లోని మర్యాద పిలుపులు చాలావరకు ఇంగ్లీష్‌లో ఎగిరిపోతాయి. మనకైతే అన్నయ్య, గారు, అండి ఉన్నాయి. మంచి డబ్బింగ్ రచయిత చేతిలో పడితే ఆ తేడా తెలుగులోనే బాగా నిలబడుతుంది. ఆకివీడు నుంచి వచ్చే ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు ఇంగ్లీష్ అక్షరాలు కూడబలుక్కుంటూ బొమ్మ చూడటమే మర్చిపోయేవాడు. అదే కథ తెలుగులో దొరికాక, ఏ ఫైట్‌లో ఎవరు ఎటు తిరిగారో గీసి చూపిస్తున్నాడు. బొమ్మ గీసే చేతికి ఈ గడ్డ కొత్త కాదు, బాపు పుట్టింది నరసాపురంలోనే. ఆ పిల్లాడిని వెక్కిరిస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

అపోహ: రిలీజై ఒక రోజైంది, ఇక కథ చెప్పేయొచ్చు.

వాస్తవం: పరీక్షలున్న పిల్లలుంటారు. చెరువుల మీద పనికి వెళ్లేవాళ్లకు ఆదివారం కూడా సెలవుండదు. చెప్పేముందు "చూశావా?" అని అడగండి, చాలు.

అపోహ: డబ్బు పెట్టి కొంటున్నాం, కథ మేం చెప్పినట్టే నడవాలి.

వాస్తవం: బాలేదనే హక్కు పాఠకుడికి ఎప్పుడూ ఉంది. రచయితను తిట్టి, బెదిరించే హక్కు మాత్రం పుస్తకం ధరలో రాదు. చారిత్రక నవలలు రాసుకోవాలన్న కోరికతో కానన్ డాయిల్ 1893లో షెర్లాక్ హోమ్స్‌ను చంపేస్తే పాఠకులు మండిపడ్డారు. హోమ్స్ బతికే ఉన్నాడని రాయడానికి ఆయనకు 1903 దాకా పట్టింది. ఇప్పటి వారపత్రికల మాంగా కళాకారులు వారానికి ఇరవై పేజీల దాకా గీస్తారు. ఒక్క పేజీకి పెన్సిల్ గీతలు, ఇంకు, షేడింగ్ అన్నీ వేసి చూడమని మా పిల్లలకు ఒకసారి పని పెట్టాను. సాయంత్రానికి ఒక్కరిదీ పూర్తి కాలేదు. ఆ వారం చాప్టర్ లేటైందని ఎవరూ గొణగలేదు.

అపోహ: మనమంతా ఒకప్పుడు వెలివేతకు గురైనవాళ్లమే, కాబట్టి ఎవరినీ బయటకు పంపకూడదు.

వాస్తవం: అన్నిటికన్నా నష్టం చేసింది ఇదే, అందులో నా తప్పు కూడా ఉంది. స్కూల్లో "బొమ్మల పుస్తకాల గాడు" అనిపించుకుని ఒంటరిగా కూర్చున్నవాళ్లు మాలో చాలామంది. అందుకే ఇంకొకరిని పొమ్మనడానికి నోరు రాదు. మాలో ఒకతను ఉండేవాడు. ఆటలు సగం అతను తెచ్చినవే, రూల్స్ అన్నీ నోటికొచ్చు. ఆడపిల్లల కుర్చీ వెనక నిలబడి భుజాల మీదికి వంగేవాడు. ఆటలో వాళ్ల పాత్రల గురించి వెకిలి మాటలనేవాడు. ఎవరైనా ముఖం చిట్లిస్తే "సరదాకి అన్నా" అనేవాడు. "పాపం, అతనికి మనం తప్ప ఎవరున్నారు" అని నేను ఏడాది పాటు సర్దిచెప్పాను.

ఆ ఏడాదిలో ముగ్గురు అమ్మాయిలు మానేశారు. ఏ గొడవా చేయలేదు, రావడం ఆపేశారంతే. అతన్ని పంపకపోతే ఎవరినీ పంపనట్టేనని నేననుకున్నాను. నిజానికి ముగ్గురిని పంపేశాను.

చివరికి అతన్ని ఒక్కడినే కింద టీ బడ్డీ దగ్గరికి తీసుకెళ్లి, ఏ రోజు ఏం చేశాడో ఒక్కొక్కటీ చెప్పి, ఇక రావద్దన్నాను. అరిచాడు. ఆటలు పట్టుకుపోయాడు. అతని స్నేహితులు ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు. రెండు నెలలు కార్డుల ఆటలతోనే గడిపాం. మా నియమాలు ఇప్పుడు తలుపు పక్కనే రాసి ఉంటాయి: ప్రశ్నల పరీక్ష వద్దు, అడగకుండా ఎవరినీ తాకొద్దు, ఇబ్బంది అనిపిస్తే నాతో గానీ మా చెల్లితో గానీ చెప్పండి.

మానేసిన ముగ్గురికీ ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఒకమ్మాయి మళ్లీ వస్తోంది. మిగతా ఇద్దరూ రాలేదు.