కుర్చీ అంచున కూర్చునేవాళ్ళు

1950ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మేయర్ ఫ్రీడ్‌మన్, రే రోజన్‌మన్ అనే ఇద్దరు గుండె డాక్టర్లు కలిసి ప్రాక్టీసు చేసేవారు. వాళ్ళ వెయిటింగ్ రూమ్‌లో కుర్చీలకు కొత్త గుడ్డ వేయడానికి వచ్చిన పనివాడు వాటిని చూసి వింతపడ్డాడట. మామూలుగా కుర్చీ గుడ్డ వీపు ఆనేచోట అరుగుతుంది. వీటికి మాత్రం ముందు అంచులు అరిగిపోయి ఉన్నాయి. నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఒక కాలు ముందుకు పెట్టి, లేవడానికి సిద్ధంగా కూర్చునే రోగులు అరగదీసిన అంచులవి. డాక్టర్లు అప్పుడా మాట పెద్దగా పట్టించుకోలేదు. దాని అర్థం వాళ్ళకు తర్వాతెప్పుడో తట్టింది.

గుండెజబ్బుకూ మనిషి తీరుకూ ఉన్న సంబంధం గురించి 1959లో వాళ్ళు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ‘టైప్ ఎ’, ‘టైప్ బి’ అనే మాటలు వాళ్ళవే. ఎదుటివాడు మాట పూర్తి చేసేలోగా తామే పూర్తి చేసేవాళ్ళు, క్యూలో నిలబడితే ఉడికిపోయేవాళ్ళు, ఆటలో కూడా ఓడిపోవడం సహించలేనివాళ్ళు టైప్ ఎ. నింపాది మనుషులు టైప్ బి. మూడు వేలకు పైగా మగవాళ్ళను ఎనిమిదిన్నర ఏళ్ళు గమనిస్తే టైప్ ఎ వాళ్ళకు గుండెజబ్బు దాదాపు రెట్టింపుగా వచ్చినట్టు తేలింది. ఇంకేం, లోకమంతా ఆ రెండు అక్షరాలను పట్టుకుంది.

అయితే 1988లో అదే సమూహం మీద వచ్చిన మరో లెక్క వేరే సంగతి చెప్పింది. ఒకసారి గుండెజబ్బు వచ్చి బతికి బయటపడ్డవాళ్ళలో, ఆ తర్వాతి ఏళ్ళలో టైప్ ఎ వాళ్ళే తక్కువగా చనిపోయారు. టైప్ ఎ అనే మూటను విప్పి చూసినవాళ్ళకు అందులో ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని గుణాలు కనిపించాయి. గుండెకు హాని చేసేది తొందరా కాదు, కష్టపడి పనిచేయడమూ కాదు. ఎదుటివాళ్ళ మీద ఎప్పుడూ రగులుతూ ఉండే కోపం, అపనమ్మకం అని అనుమానం బలపడింది. పొగాకు కంపెనీలు ఈ టైప్ ఎ పరిశోధనలకు ఏళ్ళ తరబడి డబ్బు పెట్టాయని కూడా తర్వాత బయటపడింది. తప్పు సిగరెట్టుది కాదు, మీ స్వభావానిది అని చెప్పడం వాళ్ళకు ఎంత లాభమో వేరే చెప్పక్కర్లేదు.

అయినా మనుషులను గళ్ళలో పెట్టాలన్న సరదా మనకు తగ్గలేదు. మనోవైద్యుడు కార్ల్ యూంగ్ 1921లో అంతర్ముఖులు (తమలో తాము ఉండేవాళ్ళు), బహిర్ముఖులు (నలుగురిలో కలిసిపోయేవాళ్ళు) అన్నాడు. ఆ ఆలోచన మీదే ఒక తల్లీకూతుళ్ళు, కేథరిన్ బ్రిగ్స్, ఇసబెల్ మయర్స్, నాలుగు అక్షరాలతో పదహారు రకాల మనుషులను తయారుచేశారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో అలాంటి పరీక్షలు కోకొల్లలు. నేనూ అలాంటి పరీక్షే ఒకదాన్ని రెండుసార్లు రాశాను. మొదటిసారి అంతర్ముఖుణ్ణి, కొన్ని నెలల తర్వాత, బాగా నిద్రపోయి లేచిన ఒక ఆదివారం, బహిర్ముఖుణ్ణి. నేనేమీ మారలేదు. గీత మధ్యలో గీశారు, నేను ఆ గీత దగ్గరే ఉన్నాను, అంతే. నిజానికి చాలామంది అక్కడే ఉంటారు. ఎత్తు కొలిస్తే మనుషులు ‘పొడుగు’, ‘పొట్టి’ అని రెండు గుంపులుగా విడిపోరు కదా, ఇదీ అంతే.

మరి అవి చదివితే ‘అచ్చం నేనే’ అని ఎందుకనిపిస్తుంది? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన 39 మంది విద్యార్థులకు ఒక వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, ఒక్కొక్కరికీ విడివిడిగా ఫలితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. తీరా చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే. జాతకాల పుస్తకంలోంచి ఏరిన వాక్యాలవి: ఒక్కోసారి కలుపుగోలుగా ఉంటారు, ఒక్కోసారి ముభావంగా ఉంటారు, ఆ బాపతు. కానిదెవరు చెప్పండి?

ఇప్పటి శాస్త్రవేత్తలు గళ్ళు వదిలేసి కొలతలు పట్టుకున్నారు. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషు నిఘంటువు మొత్తం జల్లెడ పట్టి, మనిషి తీరును చెప్పే మాటలు దాదాపు 18,000 ఏరారు. తర్వాతి తరాలు వాటిని కలిపి, వడగట్టి అయిదు గుణాలకు తెచ్చాయి: కొత్తదనం మీద ఆసక్తి, పద్ధతిగా ఉండటం, బహిర్ముఖత, సర్దుకుపోయే గుణం, తొందరగా కలతపడే గుణం. ఇవి ఉన్నాయా లేవా అని అడగరు, ఎంత ఉన్నాయని అడుగుతారు. కవలల మీద జరిగిన అధ్యయనాలను బట్టి ఈ తేడాల్లో దాదాపు సగం పుట్టుకతో వచ్చినవే.

మరి ఈ తేడాలు మన ఆలోచనలో, భావోద్వేగాల్లో, టెన్షన్‌లో ఎలా కనిపిస్తాయి? ఆలోచన సంగతి ముందు చూద్దాం. అంతర్ముఖుల మెదడు మామూలుగానే కాస్త ఎక్కువ మేలుకుని ఉంటుందని, అందుకే వాళ్ళకు బయటి సందడి తొందరగా మోతాదు మించుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త హాన్స్ ఐజెంక్ వాదించాడు. దానికి ఒక తమాషా పరీక్ష ఉంది. నాలిక మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి ఎంత లాలాజలం ఊరిందో తూస్తారు. సగటున అంతర్ముఖులకే ఎక్కువ ఊరింది. నాకు ఇంతకన్నా నచ్చింది రసెల్ గీన్ 1984లో చేసిన ప్రయోగం. పని చేస్తున్నంతసేపూ ఎంత చప్పుడు కావాలో ఎవరికి వాళ్ళే ఎంచుకోమన్నాడు. అంతర్ముఖులు తక్కువ పెట్టుకున్నారు, బహిర్ముఖులు ఎక్కువ. ఎవరి చప్పుడులో వాళ్ళున్నప్పుడు ఇద్దరూ ఒకేలా పనిచేశారు. ఒకరి చప్పుడు మరొకరికి పెట్టేసరికి ఇద్దరి పనీ దెబ్బతింది. అంటే తేడా తెలివిలో లేదు, ఏ చప్పుడులో ఆ తెలివి సాగుతుందన్న దగ్గరే ఉంది.

భావోద్వేగాల దగ్గరికి వస్తే అసలు చిక్కు మొదలవుతుంది. కోపమో బాధో వచ్చినప్పుడు మొహంలో కనబడనీయకుండా మింగేసేవాళ్ళు మనందరికీ తెలుసు. ‘రాయిలా ఉన్నాడు’ అంటాం, కొంత మెచ్చుకోలుగానే. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ 1990ల్లో కొందరికి చూడలేనంత ఘోరంగా ఉండే శస్త్రచికిత్స దృశ్యాలు చూపించి, మొహంలో ఏమీ కనబడనీయవద్దన్నారు. మొహాలు నిజంగానే ప్రశాంతంగా ఉన్నాయి. లోపల మాత్రం వేరు: రక్తనాళాలు బిగిశాయి, చెమట ఎక్కువైంది. మింగేసినంత మాత్రాన బాధ తగ్గలేదు, పైగా శరీరానికి అదనపు పని పడింది. ఇంకో ప్రయోగంలో ఇద్దరు అపరిచిత స్త్రీలను ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడుకోమన్నారు. వాళ్ళలో ఒకరికి మాత్రం, భావాలు బయటపెట్టవద్దని రహస్యంగా చెప్పారు. ఈ సంగతి తెలియని రెండో మనిషికి కూడా రక్తపోటు పెరిగింది. గోడతో మాట్లాడటం ఎంత కష్టమో ఒంటికి తెలుస్తుందన్నమాట.

మింగేయడం కాకుండా ఇంకో దారి ఉంది. ఉద్వేగం పూర్తిగా పైకి రాకముందే, జరిగినదాన్ని వేరేలా అర్థం చేసుకోవడం. ‘నన్ను చూసి కూడా పలకరించలేదు’ అన్నదాన్ని ‘ఏదో ఆలోచనలో ఉన్నట్టున్నాడు’ అని చదువుకోవడం లాంటిది. ఇలా చేసేవాళ్ళ శరీరం మీద మొదటి దారిలో పడేంత భారం పడదు. కొందరికి ఇది అలవాటుగా వస్తుంది, కొందరికి మింగడమే అలవాటు. వ్యక్తిత్వం అని మనం పిలిచేదాంట్లో చాలా భాగం ఇలాంటి అలవాట్లే అని నా అనుమానం.

ఇక టెన్షన్. దీన్ని ప్రయోగశాలలో తెప్పించడానికి 1993లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతి తయారుచేశారు. మిమ్మల్ని ఒక గదిలోకి పంపుతారు. ఎదురుగా బల్ల వెనక కొందరు కూర్చుని ఉంటారు. మైకు, కెమెరా సిద్ధంగా ఉంటాయి. ఉద్యోగానికి మీరే ఎందుకు తగినవారో అయిదు నిమిషాలు చెప్పాలి. ఎవరూ నవ్వరు, తల ఊపరు. అయిపోయిందనుకునేలోగా 1022 లోంచి 13 తీసివేస్తూ పోవాలంటారు, గబగబా, పైకి చెబుతూ. 1009, 996, 983... ఎక్కడైనా తప్పితే ‘తప్పు, మళ్ళీ 1022 నుంచి’ అంటారు. నోరు తడారిపోతుంది, గుండె దడదడలాడుతుంది. లాలాజలం తీసి చూస్తే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ చాలామందిలో రెండు మూడు రెట్లు పెరిగి కనిపిస్తుంది.

ఎవరిది ఏ స్వభావమో దీంతో తేలిపోతుందని అందరూ అనుకున్నారు. తేలలేదు. మొదటిరోజు కార్టిసాల్‌కూ వ్యక్తిత్వ పరీక్షల మార్కులకూ పెద్దగా పొంతన కుదరలేదు. ఆ గదిలోకి మొదటిసారి వెళ్తే ఎవరికైనా కంగారే.

అప్పుడు ఆ పరిశోధకులు 20 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళను వరుసగా అయిదు రోజులు రప్పించి, రోజూ జనం ముందు మాట్లాడించి, లెక్కలు చేయించారు. 13 మందికి రెండో రోజుకే కార్టిసాల్ బాగా తగ్గిపోయింది. వాళ్ళ ఒళ్ళు ఆ గదిని గుర్తుపట్టి, ఇది నిన్నటిదే అని ఊరుకుంది. మిగిలిన ఏడుగురికి మాత్రం రోజూ అది మొదటి రోజే. వాళ్ళ ఒంట్లో కార్టిసాల్ ప్రతిసారీ ఎగసింది. ఈ ఫలితాలను వ్యక్తిత్వ ప్రశ్నపత్రాలతో పోల్చి చూస్తే, ఇన్నాళ్ళూ దొరకని పొంతన ఇక్కడ దొరికింది: తమ మీద తమకు నమ్మకం తక్కువగా ఉన్నవాళ్ళు, తరచూ దిగులుపడే వాళ్ళు ఈ ఏడుగురిలోనే ఎక్కువ.

తొందరగా కలతపడే గుణం గురించి దంపతుల చేత ఆరు వారాలు రోజూ డైరీలు రాయించిన మరో అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్పింది. ఆ గుణం ఎక్కువున్నవాళ్ళకు గొడవలు కాస్త ఎక్కువగానే ఎదురయ్యాయి. కానీ వాళ్ళ బాధకు గొడవల సంఖ్యకన్నా పెద్ద కారణం, అదే స్థాయి గొడవ వాళ్ళను మిగతావాళ్ళకన్నా ఎక్కువగా కుదిపేయడం.

ట్రియర్ పరీక్షలో బల్ల వెనక కూర్చున్నవాళ్ళకు ఆ 13 మంది ఎవరో, ఏడుగురు ఎవరో చూసి చెప్పడం బహుశా సాధ్యమయ్యేది కాదు. అయిదో రోజు లాలాజలం గొట్టాలు పరీక్షకు వెళ్ళాకే ఆ సంగతి తెలిసేది.