సహజ వాయువు ‘శుభ్రమైన’ ఇంధనమా? అపోహలు – వాస్తవాలు

అపోహ: గ్యాస్‌తో కరెంటు తీస్తే బొగ్గుతో పోలిస్తే భూతాపం సగానికి సగం తగ్గుతుంది.

వాస్తవం: చిమ్నీ దగ్గర కొలిస్తే నిజమే. బూడిద, గంధకం కూడా గ్యాస్‌తో చాలా తక్కువ, అదీ ఒప్పుకోవాల్సిందే. కానీ లెక్క బావి దగ్గర మొదలవ్వాలి. సహజ వాయువులో ప్రధానంగా ఉండేది మీథేన్. మండకుండా గాల్లో కలిస్తే, 20 ఏళ్ల లెక్కలో, ఒక్క కిలో మీథేన్ 82.5 కిలోల కార్బన్ డయాక్సైడ్ పెట్టు.

వంద కిలోలు తీస్తే దారిలో 3 కిలోలు లీకయ్యాయనుకోండి. మిగిలిన 97 కిలోలు మండితే, కిలోకి 2.75 చొప్పున, 267 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీకైన ఆ మూడు కిలోల భారమే సుమారు 247! రెండూ కలిపి 514. గ్యాస్ టర్బైన్ వదిలే వేడితో ఆవిరి టర్బైన్‌నూ తిప్పే, యాభై శాతం సామర్థ్యమున్న కంబైన్డ్ సైకిల్ ప్లాంటు ఆ గ్యాస్‌తో 670 యూనిట్లు ఇస్తుంది, అంటే యూనిట్‌కు 0.77 కిలోలు. బొగ్గు ప్లాంటు చిమ్నీది 0.95 దగ్గర్లో ఉంటుంది. తేడా ఉంది గానీ సగం కాదు. అదే గ్యాస్‌ను ఆ వేడిని వాడుకోని, 35 శాతం సామర్థ్యమున్న ఓపెన్ సైకిల్ టర్బైన్‌లో కాలిస్తే 1.09 కిలోలు. గనుల్లోంచి వచ్చే మీథేన్‌ను కలిపితే బొగ్గు అంకె కూడా కొంత పెరుగుతుంది, నిజమే. అయినా ‘సగం’ అన్న మాట నిలబడదు.

వందేళ్ల లెక్కలో మీథేన్ ప్రభావం 30 రెట్లేనని కొందరంటారు. బొగ్గు మానేసి సోలార్ లాంటి వాటికి మారేదాకా పాతికేళ్ల వంతెన అని చెప్పి కట్టేదానికి వందేళ్ల కొలబద్ద ఎందుకు?

అపోహ: మూడు శాతం లీకు అతిశయోక్తి.

వాస్తవం: అమెరికాలో క్షేత్రస్థాయి కొలతలతో 2018లో వెలువడిన అధ్యయనం 2.3 శాతమని తేల్చింది. మూడు కన్నా కాస్త తక్కువే, కానీ ప్రభుత్వ అంచనా కన్నా అది దాదాపు 60 శాతం ఎక్కువ. ఎక్కడ పోతోంది? కంప్రెసర్ పిస్టన్ రాడ్ చుట్టూ ఉండే ప్యాకింగ్ అరిగిన చోట. కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే ద్రవ ఇంధనం) ట్యాంకు మూత గ్యాస్కెట్ సరిగా కూర్చోని చోట. గ్యాస్ ఒత్తిడితో నడిచే న్యూమాటిక్ కంట్రోలర్లయితే పనిలో భాగంగానే గ్యాస్ వదులుతాయి, అవి చెడిపోనక్కర్లేదు. అన్నిటికన్నా ఘోరం ఆరిపోయిన ఫ్లేర్, అంటే మిగులు గ్యాస్‌ను కాల్చేసే మంట: మండాల్సిన గ్యాస్ అంతా నేరుగా ఆకాశంలోకి పోతుంది. మీథేన్‌కు రంగూ వాసనా లేవు కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పెడితే తప్ప పక్కనే నిలబడ్డా తెలియదు.

కంట్రోలర్లను గాలి ఒత్తిడికి మార్చొచ్చు, ప్యాకింగ్‌ను 26,000 గంటలకోసారి మార్చొచ్చు. తప్పకుండా చేయాలి. కానీ లీకులో పెద్ద వాటా కొద్ది చోట్ల నుంచే వస్తుంది, ఆ చోటు రేపు ఏదవుతుందో ముందుగా చెప్పలేం. 2015 అక్టోబరులో కాలిఫోర్నియాలోని అలిసో కాన్యన్‌లో ఒక్క బావి కేసింగ్ (బావిలోని ఉక్కు గొట్టం) తుప్పుపట్టి పగిలింది. నాలుగు నెలల్లో సుమారు 97,000 టన్నుల మీథేన్ గాల్లో కలిసింది. మన కోనసీమలోని నగరం గ్రామంలో 2014 జూన్ 27న తాటిపాక–కొండపల్లి పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. గ్యాస్‌తో పాటు వచ్చే నీరు, కండెన్సేట్ పైపును లోపలినుంచి తినేస్తే ఏమవుతుందో ఆ ఊరికి తెలుసు.

అపోహ: దిగుమతి చేసుకునే ఎల్‌ఎన్‌జీ (చల్లబరచి ద్రవంగా మార్చిన సహజ వాయువు) కూడా అంతే.

వాస్తవం: కాదు, ఇంకా భారం. మైనస్ 162 డిగ్రీలకు చల్లబరచడానికే వచ్చిన గ్యాస్‌లో పదో వంతు దాకా ఖర్చవుతుంది. ఆపైన ఓడ ప్రయాణం, ఓడ ఇంజిన్లలో మండకుండా పోయే మీథేన్, టెర్మినల్.

అపోహ: వంటింటి సిలిండర్ మీదా ఇదే ఆరోపణ.

వాస్తవం: అందులో ఉండేది మీథేన్ కాదు, ప్రొపేన్, బ్యూటేన్. కట్టెల పొయ్యి మానేసి సిలిండర్ తెచ్చుకున్న ఇంటికి ఈ వాదన వర్తించదు.

అపోహ: సాయంత్రం సోలార్ పడిపోతే గ్యాస్ ప్లాంటే దిక్కు.

వాస్తవం: పూర్తిగా చల్లబడిన కంబైన్డ్ సైకిల్ ప్లాంటు ఫుల్ లోడుకు రావడానికి గంటలు పడుతుంది. నిమిషాల్లో లేచేది ఓపెన్ సైకిల్, అంటే పైన 1.09 కిలోలు తేలిన యంత్రం. ఆ పనికి మన దగ్గర వేరే దారులున్నాయి. శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లు ఆరున్నాయి, నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ఉంది. మధ్యాహ్నం మిగిలిన కరెంటుతో నీళ్లు పైకి తోడి, చీకటి పడ్డాక కిందికి వదలడమే వాటి పని. కేజీ బేసిన్ గ్యాస్‌ను నమ్ముకుని గోదావరి జిల్లాల్లో కట్టిన ప్లాంట్లలో చాలావరకు మాత్రం 2013 నుంచి ఎక్కువ కాలం గ్యాస్ లేక ఆగే ఉన్నాయి.