పట్టా కుంట తెగితే ఎవరి లెక్క?

చిత్తూరు, తిరుపతి వైపు గుట్టల నడుమ పారే వంకకు అడ్డంగా, సొంత పట్టా భూమిలో మట్టికట్ట వేసుకోవడం కొత్తేమీ కాదు. నీళ్లు నిలిస్తే కింద బోర్లు బతుకుతాయి. కట్ట తెగితే కింద ఇళ్ల సంగతి ఎవరు చూడాలన్నది మాత్రం తేలదు.

ఒకప్పుడు ఇది కొంత తేలికగానే ఉండేది. రాయలసీమలో చెరువు తవ్వించినవాళ్లకు, మరమ్మతులు చూసేవాళ్లకు దశబంధం ఇనాం, అంటే ఆ పనికి బదులుగా ఇచ్చిన భూమి, ఉండేది. భూమి అనుభవించాలంటే కట్ట చూసుకోవాల్సిందే. పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువుకు ఉండకూడని దోషాలు చెబుతూ కట్ట నుంచి నీరు కారడాన్ని కూడా చేర్చింది. కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు జమీందారీలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో పోయాయి, వాటి చెరువులు సర్కారుకు వచ్చాయి. ఎవరికివారు వేసుకున్న కుంటలు మాత్రం వాళ్లవిగానే ఉండిపోయాయి.

డ్యాముల భద్రతకు కేంద్ర చట్టం కావాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2007లోనే తీర్మానం చేసింది. 2010లో వచ్చిన బిల్లు మురిగిపోయింది. 2021 నవంబర్ వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లు ఖాళీ చేయించారు. అదే నెల 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. డిసెంబర్ 2న కొత్త బిల్లు రాజ్యసభ దాటింది. అప్పటికి మన దగ్గర జరగాల్సింది జరిగిపోయింది.

ఆ బిల్లుతో వచ్చిన డ్యాముల భద్రతా చట్టం ప్రైవేటు యజమానులనూ వదల్లేదు, కానీ ఎత్తు చూస్తుంది. 15 మీటర్లు దాటితే తప్పకుండా వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్య అయితే పొడవు 500 మీటర్లో, నిల్వ 10 లక్షల ఘనపు మీటర్లో, అలాంటి ఇంకేదో షరతు ఉండాలి. 6 మీటర్ల కట్ట వెనుక 50 వేల ఘనపు మీటర్లు, అంటే 5 కోట్ల లీటర్లు ఉన్నా చట్టానికి పట్టదు.

అసలు చూడాల్సింది తెగితే కింద జరిగే నష్టాన్ని. ఆ లెక్కన ఇచ్చే ప్రమాద తరగతికీ కట్ట గట్టిదనానికీ సంబంధం లేదు. గట్టి కట్టే కావచ్చు, కింద లేఅవుట్ పడితే తరగతి పెరుగుతుంది. తిరుపతి చుట్టుపక్కల ఇదే టెన్షన్. తోట కోసం వేసుకున్న కుంట కింద రేపు వీధులు వస్తాయి. అప్పుడు మొరవ, అంటే మిగులు నీళ్లు బయటికి పోయే దారి, పెద్దది చేయాలి, కట్ట మీద చెట్లు కొట్టి వేళ్లు తీయాలి, ఎలుక బొరియలు పూడ్చాలి. ఖర్చు మాత్రం యజమానిదే. కింద ప్లాట్లు అమ్ముకున్నవాళ్లను ఎవరూ అడగరు, ఇది నాకు న్యాయంగా తోచదు.

యజమానులూ తక్కువవాళ్లు కారు. ఇంకో అడుగు నీళ్లు నిలుస్తాయని మొరవకు ఇసుక బస్తాలు అడ్డం పెడతారు. పెద్ద వాన వస్తే నీళ్లు కట్ట మీంచే పొర్లుతాయి. మట్టికట్ట దాన్ని ఎక్కువసేపు ఓర్చుకోదు. ఇక్కడ చెరువులు గొలుసుకట్టు కాబట్టి ఆ వరదంతా కింది చెరువు మీద పడుతుంది. ఆ చెరువు సర్కారు రిజిస్టర్లో ఉంటుంది కనుక విచారణ దాని మీదే మొదలవుతుంది.