నీళ్లు తక్కువైతే మురికి పోదా?

ఫ్రంట్ లోడ్ మెషీన్ కొత్తగా వాడేవాళ్లలో చాలామందికి ఒకటే టెన్షన్. గాజు తలుపులోంచి చూస్తే బట్టలు తడిసే ఉంటాయి గానీ నీళ్లు అడుగున కాసిన్నే కనిపిస్తాయి, ఇంత కొంచెంలో మురికేం పోతుంది అనిపిస్తుంది. నేనూ మొదట్లో నీళ్లు నిండుతుండగానే సబ్బుపొడి వేసే అరలోంచి రెండు చెంబులు పోసేవాణ్ణి, పైగా ఇంకో చెంచా పొడి.

1959లో హెన్కెల్ అనే జర్మన్ సబ్బుపొడి కంపెనీలో పనిచేసే హెర్బర్ట్ సిన్నర్ శుభ్రం చేయడమంటే నాలుగే అన్నాడు: సబ్బు, రాపిడి, వేడి, సమయం. ఒకటి తగ్గితే మిగతావాటిలో ఏదో ఒకటి పెరగాలి. నీళ్లు ఆ నాలుగింటినీ బట్టదాకా మోసుకెళ్తాయి, అంతే. ఎకో ప్రోగ్రాం గంటలకొద్దీ తిరుగుతోందేంటని విసుక్కుంటాం కదా, అక్కడ వేడి తగ్గించి ఆ లోటును సమయంతో పూడుస్తున్నారు. 15 లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి దాదాపు 0.7 యూనిట్ల కరెంటు కావాలి, 40 దగ్గర ఆపితే అందులో సగం చాలు.

ఇక రాపిడి. టాప్ లోడ్‌లో బట్టలు తిరగాలంటే మునగాలి, అందుకే అన్ని నీళ్లు. ఫ్రంట్ లోడ్‌లో డ్రమ్ లోపలి గట్లు బట్టల్ని పైకెత్తి కింద పడేస్తాయి. ఎత్తి కుదేయడానికి మడుగెందుకు?

నీళ్లు ఎక్కువగా ఖర్చయ్యేది జాడించే దగ్గర. ఉతికాక బట్టల్లో 8 లీటర్ల సబ్బునీళ్లు మిగిలాయనుకోండి. పిండకుండా 16 లీటర్లు కలిపితే సబ్బు గాఢత మూడో వంతుకి తగ్గుతుంది, పారబోసి మళ్లీ 16 పోస్తే తొమ్మిదో వంతుకి. అదే ముందు గట్టిగా పిండి 2 లీటర్లే మిగిల్చి, ఒక్కసారి 16 పోయండి: 18లో 2, అంటే నేరుగా తొమ్మిదో వంతే! మధ్యలో ఒక్క స్పిన్, 16 లీటర్లు ఆదా. నిమిషానికి 1200 చుట్లు తిరిగే పావు మీటరు వ్యాసార్థపు డ్రమ్‌లో బట్టమీద పడే బలం దాని బరువుకి 400 రెట్లు, చేత్తో పిండటం దీనికి సాటి రాదు.

సగం బట్టలేస్తే నీళ్లూ సగమే అవుతాయా? కావు. డ్రమ్‌కీ బయటి తొట్టికీ మధ్య ఉన్న సందు ఎలాగూ నిండాలి కాబట్టి ఆ వాటా తగ్గదు, ఒక్క చొక్కా కోసం మెషీన్ వేయడం అందుకే దండగ.

పొడి ఎక్కువైతే ఇంకో తంటా. నురగ మెత్తలా అడ్డుపడి బట్టలు సరిగ్గా పడవు, దాన్ని పసిగట్టిన మెషీన్లు కొన్ని ఇంకోసారి జాడిస్తాయి. నా అదనపు చెంచా నీళ్లు పెంచిందే తప్ప తెల్లదనాన్ని కాదు. మరి ఆ రెండు చెంబులు? తొట్టికి తగిలించిన సన్న గొట్టంలో ఇరుక్కున్న గాలి ఒత్తిడిని బట్టి మెషీన్ నీటిమట్టం కొలుస్తుంది, ఆ నీళ్లు చెంబువో కుళాయివో దానికి అనవసరం. నేను ఎంత పోస్తే కుళాయి నుంచి అంత తక్కువ తీసుకునేది.