డాబా మీది మాట ఫోను విందా?

చి. పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

ఏమర్రా, పండగ సెలవులయ్యాక ఊళ్లు చేరగానే అడిగిన మొదటి ప్రశ్న ఇదా! భోగి రాత్రి దుప్పట్లు కప్పుకుని డాబా మీద గేర్ల సైకిలు గురించి మాట్లాడుకున్నారు. తెల్లారేసరికి బుజ్జి ఫోన్లో గేర్ల సైకిలు ప్రకటన. బుజ్జి దేని కోసమూ వెతకలేదు. "తాతయ్యా, ఫోను మన మాటలు వింటోందా?"

వినాల్సిన అవసరమే లేదర్రా. 2018లో అమెరికాలోని నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ వాళ్లు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించారు. దొంగచాటుగా మైకు తెరిచి మాటలు పంపే యాప్ వాళ్లకు ఒక్కటీ దొరకలేదు. కానీ మనం తెర మీద చేసే పనిని వీడియో తీసి వేరే కంపెనీకి పంపేది దొరికింది. దొడ్డిగుమ్మం దగ్గర కర్ర పట్టుకుని కాపలా కాస్తున్నాం, వీధి తలుపేమో బార్లా తెరిచి ఉంది.

మన సంత గుర్తుందిగా? మీరు గాజుల కొట్లోకి వెళ్లారనుకోండి. మూలన బూరలమ్మే కుర్రాడొకడు కూర్చుని ఉంటాడు. మీ సంచికి నంబరు వేసిన చీటీ ఒకటి గుచ్చుతాడు. పేరు అడగడు. అక్కణ్ణుంచి మిఠాయి కొట్టుకి వెళ్తే అక్కడా ఒక బూరల కుర్రాడు, ఇద్దరికీ యజమాని ఒకడే. చీటీ చూసి, "ఈ నంబరు గాజులు బేరమాడి వదిలేసింది, ఇప్పుడు జీళ్లు చూస్తోంది" అని రాసుకుంటాడు. చెప్పుల కొట్లోనూ అంతే, విత్తనాల కొట్లోనూ అంతే. సాయంత్రానికి మీరు ఏ దారిన నడిచారో, ఎక్కడ ఎంతసేపు నిలబడ్డారో ఆ యజమాని చేతిలో ఉంటుంది. బూరలు అమ్ముడయ్యాయా లేదా అన్నది వాడికి పట్టదు.

ఆ కొట్లు మనం తెరిచే సైట్లు, బూరల యజమాని ప్రకటనల కంపెనీ. ఆ చీటీయే కుక్కీ, సైటు మన బ్రౌజరులో దాచే చిన్న గుర్తు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి దాన్ని తయారుచేసింది ఇందుకు కాదు, కొట్టువాడు తన దగ్గరికి వచ్చినవాణ్ణి మళ్లీ గుర్తుపట్టడానికి. ఆ మాత్రం ఉండాల్సిందే, లేకపోతే పేజీ మార్చిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాలి. తంటా అంతా మూలన కూర్చున్న మూడోవాడి చీటీతోనే. థర్డ్ పార్టీ కుక్కీ అంటారు దాన్ని. సఫారీ బ్రౌజరు 2020లోనే వాటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ కొట్టు చీటీని ఆ కొట్లోనే ఉంచి తాళం వేస్తోంది. క్రోమ్ తీసేస్తానని 2020లో మాటిచ్చి 2024లో వెనక్కి తీసుకుంది. కాబట్టి క్రోమ్ వాడేవాళ్లు తమ పని తామే చేసుకోవాలి. పైన మూడు చుక్కలు నొక్కి సెట్టింగ్స్, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో థర్డ్ పార్టీ కుక్కీస్, అక్కడ బ్లాక్. ఎప్పుడైనా ఒక సైటులో లాగిన్ గానీ డబ్బు కట్టే పేజీ గానీ మొరాయిస్తే ఆ ఒక్క సైటుకి మాత్రం అనుమతి ఇవ్వండి. కోపం వచ్చి మొత్తం ఆన్ చేసేయకండి, చాలామంది అక్కడే జారతారు.

సంతను ఇప్పుడే వదలను. మా చిన్నప్పుడూ కొట్టాయనకు అన్నీ తెలుసు. ఏ ఇంట్లో నూనె ఎన్నాళ్లు వస్తుందో, ఎవరింట్లో చుట్టం దిగాడో పద్దు చూసి చెప్పేవాడు. అయితే ఆ ఎర్రగుడ్డ అట్ట పుస్తకం ఆయన గల్లాపెట్టె దాటి బయటికి వచ్చేది కాదు.

బ్రౌజరు సంగతి అది. యాప్‌లలో చీటీ గుచ్చడం కూడా ఉండదు, నంబరు సంచికే కుట్టేసి ఉంటుంది. అడ్వర్టైజింగ్ ఐడీ అంటారు, 32 అంకెలూ అక్షరాలూ. అది ఏ యాప్‌కైనా ఒకటే. అందుకే ఆటల యాప్‌లో మీరు చేసిందీ, టార్చిలైటు యాప్‌లో చేసిందీ ఒకే పద్దులోకి చేరతాయి. ఆ కుట్టు విప్పొచ్చు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, గూగుల్, కొన్ని ఫోన్లలో ఆల్ సర్వీసెస్, తర్వాత యాడ్స్. అక్కడ రీసెట్ కాదు, డిలీట్ అన్నది నొక్కండి. రీసెట్ చేస్తే పాతది పోయి కొత్త నంబరు కుడుతుంది. డిలీట్ చేస్తే అడిగిన యాప్‌కి సున్నాల వరస కనిపిస్తుంది. ఐఫోన్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి, ట్రాకింగ్‌లో, "మీ వెంట పడమంటారా" అని అడగడానికి యాప్‌లకు ఉన్న అనుమతే తీసేయండి. ఇవన్నీ చేసినా ప్రకటనలు ఆగవు, మీ వెంట పడటం తగ్గుతుంది, అంతే. ముందే చెబుతున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

సరే, సైకిలు దగ్గరికి వద్దాం. బుజ్జి వెతకలేదు, నిజమే. ఆ రాత్రి డాబా మీద ఏడుగురున్నారు, ఏడు ఫోన్లూ మా వైఫైలోనే ఉన్నాయి. బయటి ప్రపంచానికి ఆ ఏడూ ఒకే ఇంటి నంబరు. పడుకోబోయే ముందు ఒక్కడు సైకిలు ధర చూసి ఉంటే చాలు, "ఈ ఇంట్లో ఎవరికో సైకిలు కావాలి" అని పద్దులో పడిపోతుంది. ఎవడా ఒక్కడు అన్నది మీలో మీరు తేల్చుకోండి. మోకాళ్ల పట్టీల ప్రకటన వచ్చిందని చిన్నోడు నవ్వాడు కదా, అది వాళ్ల అమ్మమ్మ వెతికింది.

ఆ తర్వాత జరిగేది ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఆశ్చర్యమే. మీరు పేజీ తెరవగానే అందులోని ఖాళీ జాగాకి వేలం మొదలవుతుంది. మీ చీటీ నంబరు, మీ ఊరు, మీ ఇష్టాలు చూసి కంపెనీల కంప్యూటర్లు పాట పాడతాయి. పదో వంతు సెకను అటూ ఇటూగా పాట ముగిసిపోతుంది. మన ఊరి చెరువు వేలం పాట ఒక పూట పడుతుంది!

అన్ని చీటీలూ పీకేసినా నడక చూసి పోల్చుకునేవాళ్లు ఉంటారు. తెర కొలత, ఫాంట్లు, టైమ్‌జోన్, భాష కలిపి చూస్తే చాలా ఫోన్లు మందలో విడిగా కనబడతాయి. అమెరికాలో బ్రౌజరు భాష తెలుగుగా పెట్టుకున్న మీ పెద్దమామ ఇంకా సులువుగా దొరుకుతాడు. అలాగని తెలుగు తీసేయమని చెప్పను. బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో అని ఉంటుంది, అదంటే కొత్త సంచితో సంతకెళ్లి, వచ్చాక సంచి పారేయడం. లోపల లాగిన్ అయ్యారో, మీ పేరు మీరే అరిచి చెప్పినట్టు.

ఇంకో ముక్క. బట్టల కొట్లో బిల్లేసేటప్పుడు "ఫోన్ నంబర్ చెప్పండి" అంటారు. కొట్టువాడు ఆ నంబర్ల జాబితాను ప్రకటనల కంపెనీకిస్తే, కొట్లో కొన్నదీ ఫోన్లో చూసిందీ ఒకటైపోతాయి. నంబరు ఇస్తేనే బిల్లు అనకూడదని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మేలో చెప్పింది. "ఇవ్వను" అనండి, బిల్లు వస్తుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని అదే ఏడాది డేటా రక్షణ చట్టంలోనూ రాశారు. అయితే ఫోను నాన్నది, మీరు ఆడుకుంటున్నారు. ఆ చేతులు ఎవరివో చట్టానికి ఎలా తెలుస్తుంది?

ఇంతా చెప్పినా మైకు మీద మీ అనుమానం పోదని నాకు తెలుసు. అందుకే ఒక పని చేయండి. ఆండ్రాయిడ్ 12 గానీ ఆపైది గానీ అయితే, మైకు వాడుకున్నప్పుడల్లా తెర పైమూలన ఆకుపచ్చ గుర్తు వెలుగుతుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ డాష్‌బోర్డ్ తెరిస్తే గడిచిన 24 గంటల్లో ఏ యాప్ ఎన్నింటికి మైకు వాడిందో గంటల వారీగా ఉంటుంది. అది చూస్తూనే, మూడు రాత్రులు మీలో మీరు ఒంటె జీను గురించి మాట్లాడుకోండి. ఎంత ధర, ఏ రంగు, ఎక్కడ దొరుకుతుంది, ఏదైనా సరే. నోటితోనే. ఒక్కరూ టైపు చేయకూడదు, ఒకరికొకరు మెసేజీ పెట్టకూడదు. చిన్నోడి మీద ఒక కన్నేసి ఉంచండి.

నాలుగో రోజు జీను ప్రకటన వస్తే ఉత్తరం రాయండి.

మీ తాతయ్య