వేళ్ల సందుల్లోంచి జారిపోయే ప్రోటీన్

"మా బాబుకి ఏడేళ్లు. జ్వరంలో మూత్ర పరీక్ష చేయిస్తే ప్రోటీన్ వన్ ప్లస్ అని వచ్చింది. కిడ్నీలు పాడైనట్టేనా?" అని ఒక తల్లి చాలా టెన్షన్‌గా అడిగారు. వన్ ప్లస్ అంటే కాస్త ప్రోటీన్ కనబడిందని. ఆ ఒక్క రిపోర్టుతో అలా అనుకోనక్కర్లేదు. జ్వరంలోనూ, బాగా పరుగెత్తి ఆడాక కూడా మూత్రంలో కాస్త ప్రోటీన్ కనబడుతుంది. జ్వరం పూర్తిగా తగ్గాక ఇంకోసారి చూస్తే చాలామందిలో ఏమీ ఉండదు. నన్ను ఎప్పటినుంచో పట్టుకుని వదలని ప్రశ్న వేరే ఉంది. మామూలు రోజుల్లో ప్రోటీన్ ఎందుకు పోదు?

పెద్దవాళ్ల కిడ్నీలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని రక్తంలోంచి వడగడతాయి. అంత ప్లాస్మాలో, అంటే రక్తంలోని ద్రవభాగంలో, ఉండే అల్బుమిన్ అనే ప్రోటీన్‌ని తూకం వేస్తే 7 కిలోలు దాటుతుంది. మూత్రంలో బయటికి పోయేది మాత్రం 30 మిల్లీగ్రాముల లోపే!

మీ రెండు చేతుల వేళ్లనీ ఒకదాని సందుల్లో ఒకటి దూర్చి చూడండి. కిడ్నీలోని సన్నని రక్తనాళాల చుట్టూ పోడోసైట్లు అనే కణాలు ఇలాగే వేళ్లు కలుపుకుని ఉంటాయి. వేలికీ వేలికీ మధ్య సందు సుమారు 40 నానోమీటర్లు. అల్బుమిన్ అణువు అంతకన్నా చాలా చిన్నది, లెక్కప్రకారం ఇట్టే జారిపోవాలి. కానీ ఆ సందు ఖాళీగా లేదు. ఇటు వేలి నుంచి, అటు వేలి నుంచి నెఫ్రిన్ అనే ప్రోటీన్ పోగులు వచ్చి మధ్యలో జిప్ పళ్లలా కలుసుకుంటాయి. పుట్టుకతోనే విపరీతంగా ప్రోటీన్ పోయే జబ్బు ఒకటి ఫిన్లాండ్ పసిపిల్లల్లో ఎక్కువ. దాని జన్యువును 1998లో పట్టుకున్నప్పుడే ఈ పోగు సంగతి బయటపడింది. అంటే ప్రోటీన్‌ని ఆపే వలను అల్లింది కూడా ప్రోటీనే. ఈ వలను తప్పించుకున్న కాస్త అల్బుమిన్‌ని కింది గొట్టాల్లోని కణాలు తిరిగి లాగేసుకుంటాయి.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో దెబ్బతినేది ఈ వేళ్లే. విడివిడిగా ఉండాల్సినవి చదునుగా పరుచుకుపోతాయి, వల చెదిరిపోతుంది. మామూలు మైక్రోస్కోప్‌లో చూస్తే కిడ్నీ ముక్క బాగానే ఉన్నట్టుంటుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితేనే తేడా తెలుస్తుంది. రక్తంలో నీటిని పట్టి ఉంచే అల్బుమిన్ ఇలా పోతుంటే ఒంట్లో నీరు చేరుతుంది. పొద్దున లేవగానే పిల్లల కళ్ల చుట్టూ వాపు కనబడుతుంది, సాయంత్రానికి కాళ్లలోకి దిగుతుంది. నిద్ర చాలలేదనో, ఎలర్జీ అనో చాలామంది రోజులు గడిపేస్తారు. అలా చేయకండి. వాపు ఉన్నా, మూత్రం ఎర్రగానో కాఫీ రంగులోనో వస్తున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ప్రోటీన్ పోతోందని పిల్లలకు ప్రోటీన్ తిండి మాన్పించేవాళ్లున్నారు, రెట్టింపు పెట్టేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. చెడింది జల్లెడ, తిండి కాదు. వయసుకు తగిన మామూలు తిండి పెట్టి, వాపు తగ్గేదాకా ఉప్పు తగ్గిస్తే చాలు.

1827లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ వాపు రోగుల గురించి రాశారు. ఆ రోజుల్లో మూత్రాన్ని చెంచాలో పోసి దీపం మీద వేడిచేసేవారు. ప్రోటీన్ ఉంటే ఉడికిన గుడ్డు తెల్లసొనలా తెల్లగా విరిగేది. ఇప్పుడు పసుపు రంగు పరీక్ష స్ట్రిప్‌ని మూత్రంలో ముంచితే, ప్రోటీన్ ఉంటే అది నిమిషంలో ఆకుపచ్చకు తిరుగుతుంది.

ఏ పూట మూత్రం అన్నది ముఖ్యం. ఎదిగే వయసు పిల్లల్లో కొందరికి నిలబడి తిరిగే వేళల్లోనే ప్రోటీన్ పోతుంది, పడుకుంటే పోదు. వాళ్ల కిడ్నీలకేమీ కాలేదు. అందుకే నిద్ర లేవగానే వచ్చే మొదటి మూత్రాన్ని పరీక్షకు ఇవ్వాలి.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి స్టెరాయిడ్ మందుతో కొన్ని వారాల్లోనే ఆ వేళ్లు మళ్లీ విడివడి, ప్రోటీన్ పోవడం ఆగుతుంది. జబ్బు తిరగబెట్టడం కూడా మామూలే. అందుకే ఇంట్లో రోజూ పొద్దున్నే స్ట్రిప్ ముంచి, వచ్చిన రంగును నోటుపుస్తకంలో రాసుకోమంటారు. వరసగా మూడు రోజులు త్రీ ప్లస్ (అంటే చాలా ఎక్కువ ప్రోటీన్) కనబడితే వాపు కోసం ఎదురుచూడకుండా ఆ పుస్తకం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.